రెండు రాష్ట్రాల కాగితాలు, మన సొంత కాగితాలు

సండూరు కొండల పక్క తండాలో పుట్టిన లంబాణీ పిల్ల కర్ణాటక కాగితం మీద షెడ్యూల్డు కులం. ఆ పిల్ల మేనత్త గుంతకల్లు వైపు తండాకు కోడలై వెళ్లి ఉంటే, అక్కడ పుట్టిన ఆమె బిడ్డ సుగాలి, అంటే షెడ్యూల్డు తెగ. బళ్లారి తాలూకా బోయ కుటుంబాలు నాయక, వాల్మీకి పేర్లతో కర్ణాటకలో ఎస్టీలు. సరిహద్దు దాటి రాయదుర్గం వైపు ఉన్న వాళ్ల వియ్యంకులు ఆంధ్రలో బీసీ-ఏ. బోయ వాల్మీకులను ఎస్టీల్లో చేర్చమని ఆంధ్ర శాసనసభ 2017లో ఒకసారి, 2023లో మరోసారి తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. జాబితా మాత్రం మారలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోని పాత బళ్లారి జిల్లాను విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, బళ్లారితో పాటు మిగిలిన తాలూకాలు మైసూరుకు వెళ్లాయి. బళ్లారి తాలూకా ఎవరిదో తేల్చడానికి మిశ్రా కమిషన్ వేయాల్సి వచ్చింది. రాష్ట్రాలు విడిపోయాయి గానీ చుట్టరికాలు విడిపోలేదు. ఈ రోజుకీ డి.హీరేహాళ్ నుంచి బళ్లారికి కూలికి వచ్చేవాళ్లున్నారు, సిరుగుప్ప నుంచి ఆదోనికి పిల్లనిచ్చేవాళ్లున్నారు, కణేకల్లు నుంచి బళ్లారి పెద్దాసుపత్రికి పరిగెత్తేవాళ్లున్నారు. వీళ్లందరి మధ్య పని చేసే సోషల్ వర్కర్‌కు పాఠ్యపుస్తకంలో లేని చదువు ఒకటి కావాలి. మనిషి సరిహద్దు దాటినప్పుడు ఏ హక్కు ఆ మనిషితో పాటు వస్తుంది, ఏది ఊళ్లోనే ఆగిపోతుంది అన్న చదువు అది.

కొత్తగా ఎంఎస్‌డబ్ల్యూ పూర్తి చేసి ఈ ప్రాంతంలో ఉద్యోగంలో చేరిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీలో కొందరు బళ్లారిలోని విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో చదివి ఉంటారు, కొందరు అనంతపురం నుంచి వచ్చి ఉంటారు. ఊరందరి కాగితాలూ సరిచేసే మన వృత్తిలో చాలామంది దగ్గర సొంత నియామక పత్రం కూడా ఉండదు. కేసు కాగితమూ మీ కాగితమూ రెండూ పక్కాగా ఉండాలన్నదే నేను చెప్పదలచుకున్నది.

కులం సంగతితోనే మొదలుపెడదాం. ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ చేటు జరిగేది దీనివల్లే. ఒక రాష్ట్రంలో ఎస్సీ లేదా ఎస్టీగా ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి వలస వెళ్తే, అక్కడి రిజర్వేషన్ వాళ్లకు దానంతట అది రాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లోనే తేల్చింది. కాబట్టి హాస్టల్ ఫారమో స్కాలర్‌షిప్ ఫారమో నింపే ముందు పిల్లవాడి తండ్రిది ఏ రాష్ట్రమో, ఎప్పటి నుంచి ఇక్కడ ఉన్నారో అడగండి. ఆంధ్రలో బీసీ-ఏగా పుట్టిన బోయ ఆడబిడ్డ బళ్లారి నాయక కుటుంబంలోకి పెళ్లయి వస్తే ఆమె ఎస్టీ అయిపోదు. పెళ్లితో కులం మారదు, పుట్టుకతో వచ్చిందే నిలుస్తుంది. పిల్లలకు సాధారణంగా తండ్రిది వర్తిస్తుంది. ఈ ముక్క చెప్పకుండా, “అందరూ తీసుకుంటున్నారు, మీరూ తీసుకోండి” అని మనమే దారి చూపిస్తే, ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చి పదేళ్లు గడిచాక సర్టిఫికెట్ పరిశీలనలో బయటపడుతుంది. అప్పుడు ఉద్యోగమూ పోతుంది, కేసూ మీద పడుతుంది. ఆ రోజు ఫారం నింపిన మనం అక్కడ ఉండం.

పింఛన్లు, రేషన్ల దగ్గర చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. ఆంధ్రలో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. కర్ణాటకలో సంధ్యా సురక్ష 1,200. కర్ణాటకలో ఇంటి యజమానురాలికి గృహలక్ష్మి 2,000 వస్తుంది, ఆంధ్రలో ఆ పథకం లేదు. ఇంత తేడా ఉన్నప్పుడు రెండు వైపులా పేరు ఉంచుకోవాలన్న ఆశ పేదవాళ్లకు పుట్టడం సహజం. వాళ్లను తప్పుపట్టే పని మనది కాదు, దాచిపెట్టే పనీ కాదు. కూతురి దగ్గర బళ్లారిలో ఉంటూ, నెల మొదటి రోజు ఆలూరు బస్సెక్కే అవ్వకు అసలు ఆమె ఎక్కడ నివాసం ఉన్నట్టో, ఎక్కడ పేరు ఉంచుకుంటే మేలో, రెండు చోట్లా ఉంచితే ఏమవుతుందో నెమ్మదిగా విడమరిచి చెప్పండి. నిర్ణయం ఆమెది. ఆమె ఏం నిర్ణయించుకుందో మీ కేసు డైరీలో రాసుకోండి.

సరిహద్దు దాటి వచ్చేవీ ఉన్నాయి. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన రేషన్ కార్డు ఉంటే, ఆదోని కార్డు మీద బళ్లారి చౌకధరల దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు. అయితే రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా ఇచ్చే కార్డుకు ఈ సౌకర్యం ఉండదు, కాబట్టి కార్డు ఏ రకానిదో ముందు చూడండి. వికలాంగుల యూడీఐడీ కార్డు, అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ నంబరు దేశమంతా ఒకటే. కోడలై వచ్చిన అమ్మాయి పేరు పుట్టింటి కార్డులో తీయించి అత్తింటి కార్డులో ఎక్కించడం చిన్న పనిలా కనబడుతుంది గానీ, ఈ పని ఆగిపోయి ఎన్నో గర్భిణీల కేసులు ఆసుపత్రి గుమ్మం దగ్గర చిక్కుకుంటాయి. పెళ్లయిన ఇంటికి వెళ్లినప్పుడు మొదటి విజిట్‌లోనే ఆ మాట అడిగేయండి.

“మా కాగితాలన్నీ ఊళ్లోనే ఉండాయక్కా” అని వలస ఆడవాళ్లు చెప్పే మాట మీరు ఎన్నోసార్లు వింటారు. కోసిగి, ఆలూరు, హొళగుంద వైపు నుంచి సుగ్గికి పోయే కుటుంబాలు తాళం వేసి వెళ్తాయి. బళ్లారిలో ప్యాంట్లు కుట్టే మిషన్ల దగ్గరకి, ఇటుక బట్టీలకి వచ్చేవాళ్లు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వస్తారు. అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వని చోట అది వెట్టి అవుతుంది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద జిల్లా మేజిస్ట్రేటు లేదా సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు విచారించి విడుదల పత్రం ఇస్తారు. ఆ పత్రం పని చేసిన జిల్లాలో ఇస్తారు, పునరావాసం సొంత ఊళ్లో జరుగుతుంది. కేంద్ర పథకం ప్రకారం వెంటనే ఇచ్చే సాయం 30,000 రూపాయల వరకు ఉంది. ఆ తర్వాత మగవారికి లక్ష, ఆడవారికీ పిల్లలకూ 2 లక్షలు, దారుణమైన దోపిడీ జరిగిన కేసుల్లో 3 లక్షలు. మనుషులను విడిపించి బస్సెక్కించేసి, విడుదల పత్రం తీసుకోకుండా వదిలేస్తే ఇదంతా పోతుంది. బస్సు బయలుదేరే ముందు ప్రతి ఒక్కరి చేతిలో పత్రం నకలు ఉందా అని చూడండి. నకలు మీ దగ్గర ఒకటి, వాళ్ల సొంత జిల్లాలో మీకు తెలిసిన సంస్థ దగ్గర ఒకటి ఉండాలి.

బాల్య వివాహాల దగ్గర సరిహద్దు నిజంగా పని చెడగొడుతుంది. 2006 కేంద్ర చట్టం ప్రకారం బాల్య వివాహం దానంతట అది చెల్లకుండా పోదు. మైనరుగా పెళ్లయినవాళ్లు, మేజరైన రెండేళ్లలోపు కోర్టుకు వెళ్లి రద్దు చేయించుకోవాలి. ఆంధ్రలో ఇదే అమల్లో ఉంది. కర్ణాటక మాత్రం సవరణ తెచ్చి, 2017 నుంచి ఇలాంటి పెళ్లి మొదటి నుంచే చెల్లదని రాసుకుంది. ఇక్కడ నిఘా పెరిగేకొద్దీ పెళ్లి పందిరి చుట్టాల ఊళ్లోకి, అవతలి రాష్ట్రంలోని గుడికి మారడం మనందరం చూస్తున్నదే. పెళ్లివాళ్ల జీపు సరిహద్దు దాటిందంటే ఇక్కడి అధికారి “మా పరిధి కాదు” అంటారు, అక్కడి అధికారికి సమాచారం అందేసరికి తాళి పడి ఉంటుంది.

దీనికి చట్టంలోనే ఒక దారి ఉంది, మనవాళ్లు దాన్ని చాలా తక్కువగా వాడుతున్నారు. 13వ సెక్షన్ కింద మొదటి తరగతి మేజిస్ట్రేటు దగ్గర పెళ్లిని ఆపుతూ ఇంజంక్షన్ తీసుకోవచ్చు. బాల్య వివాహ నిషేధ అధికారి అడగవచ్చు, సమాచారం ఉన్న ఎవరైనా అడగవచ్చు. ఆ ఉత్తర్వు ఉండగా జరిపిన పెళ్లి 14వ సెక్షన్ ప్రకారం మొదటి నుంచే చెల్లదు. ఇది కేంద్ర చట్టంలో ఉన్న మాట, అంటే ఆంధ్రలో జరిగినా అంతే. కాబట్టి ముహూర్తం ఇంకా వారం ఉందని తెలిస్తే, పెళ్లివారితో మాటలు ఒకవైపు నడుస్తుండగానే ఇంజంక్షన్ దరఖాస్తు రెండోవైపు వేయించండి. బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. కర్ణాటక వైపు పంచాయతీ పీడీఓ, తహసీల్దారు, ఆంధ్ర వైపు ఐసీడీఎస్ సీడీపీఓ, తహసీల్దారు, వీళ్లందరికీ ఒకే రోజు రాతపూర్వకంగా తెలపండి. ఫోన్‌లో చెప్పిన మాటకు తర్వాత సాక్ష్యం ఉండదు.

వయసు రుజువు దగ్గర కేసులు ఓడిపోతాయి. వలస పిల్లలు రెండు రాష్ట్రాల బళ్లలో చదివి ఉంటారు, రెండు రిజిస్టర్లలో రెండు పుట్టిన తేదీలుంటాయి. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ఒక వరస చెప్పింది: మొదట బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన పత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ కార్డు ఈ వరసలో లేదు. ఆ పిల్ల మొట్టమొదట చేరిన బడి ఏదో కనుక్కుని, ఆ అడ్మిషన్ రిజిస్టరు పేజీ ధ్రువీకరించిన నకలు తెచ్చుకోవడానికి ఒక పూట కేటాయించండి. ఆ పూట వృథా కాదు.

రైల్వే స్టేషన్లో, కౌల్ బజార్ హోటల్లో, పత్తి చేలో దొరికిన పిల్ల ఆంధ్రవైపుదని తెలిస్తే, “వాళ్ల నాన్నకు ఫోన్ చేసి పంపించేద్దాం” అనే ఒత్తిడి పోలీసుల నుంచీ వస్తుంది, పిల్ల నుంచీ వస్తుంది. అలా పంపకండి. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. జువెనైల్ జస్టిస్ చట్టం 95వ సెక్షన్ ప్రకారం ఇక్కడి కమిటీ పిల్ల సొంత జిల్లా కమిటీతో సంప్రదించి, పిల్లకు మేలని తృప్తిపడ్డాకే బదిలీ చేస్తుంది. ఈ మధ్యలో సొంత ఊరి నుంచి సామాజిక విచారణ నివేదిక రావాలి. అది రావడంలో ఆలస్యం అవుతుంది, నిజమే. కానీ ఆ ఇంట్లోనే హింస ఉందో, మళ్లీ అదే మేస్త్రీ చేతికి అప్పగిస్తారో ఫోన్‌లో తెలియదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త నాగరిక సురక్ష సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. “అది ఆలూరు స్టేషన్ కేసు” అని తిప్పి పంపితే ఆ సెక్షన్ పేరు చెప్పండి. గృహహింస చట్టంలోనూ ఇంతే. ఆడమనిషి తాత్కాలికంగా ఉంటున్న చోటు కోర్టుకైనా వెళ్లవచ్చు. రాయదుర్గం అత్తింట్లో దెబ్బలు తిని బళ్లారి పుట్టింటికి వచ్చిన అమ్మాయి తిరిగి రాయదుర్గం వెళ్లి కేసు పెట్టక్కర్లేదు.

భాష దగ్గర కొంచెం నిదానించాలి. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ, వీధిలో రెండూ కలిపి మాట్లాడతారు. మన రిపోర్టు కన్నడలో ఉండాలి. పిల్ల తన ఇంటి తెలుగులో చెప్పిన మాటను మనం కన్నడలో ‘లైంగిక దౌర్జన్యం’ అని ఒక ముద్ద మాటగా రాసేస్తే, ఎవరు ఎక్కడ ఎలా తాకారో అంతా అందులో మాయమైపోతుంది. కోర్టులో పిల్ల అదే మాట మళ్లీ చెప్పినప్పుడు రికార్డుతో కలవదు. పోక్సో చట్టం 26వ సెక్షన్ పిల్ల చెప్పింది చెప్పినట్టే రాయాలంటుంది, అవసరమైతే దుబాసీని పెట్టుకోమంటుంది. కాబట్టి పిల్ల వాడిన తెలుగు మాటలను అలాగే కన్నడ లిపిలో రాసి, దాని పక్కనే కన్నడ అర్థం రాయండి. మీకు ఆ యాస రాకపోతే వచ్చినవాళ్లను పిలవండి. ఇంట్లోవాళ్లను, ముఖ్యంగా అనుమానం ఉన్న బంధువును, దుబాసీగా కూర్చోబెట్టకండి. పిల్ల ఫోటో, పేరు, బడి పేరు వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఇప్పుడు అలవాటైపోయింది. ‘రెస్క్యూ చేశాం’ అని అధికారుల గ్రూపులో ఫోటో పెట్టమని పైనుంచి అడిగినా పెట్టవద్దు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలో, 2 లక్షల వరకు జరిమానానో, రెండూనో పడవచ్చు. పడేది ఫోటో పెట్టినవాళ్ల మీద.

ఈ జిల్లాలో దేవదాసీ ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లకుండా సోషల్ వర్క్ చేశామని ఎవరూ చెప్పుకోలేరు. 1982లో కర్ణాటక నిషేధ చట్టం చేసింది, ఆంధ్ర 1988లో చేసింది. రాయదుర్గం, ఆదోని వైపు బసివి అన్న పేరుతో ఉన్నదీ ఇదే. 1993-94లో, 2007-08లో జరిగిన రెండు సర్వేల్లో కర్ణాటక లెక్కకు వచ్చినవారు 46,660 మంది. పింఛను, ఇల్లు, పునరావాసం అన్నీ ఆ జాబితా మీదే నడిచాయి. జాబితాలో పేరు లేని ఆమెకు ఏమీ లేదు. సరిహద్దు అవతలి ఊళ్లో బసివి అయి, ఇటువైపు బతుకుతున్న ఆమె పేరు ఏ జాబితాలోనూ ఉండదు. 2025లో కర్ణాటక కొత్త చట్టం చేసింది. బిడ్డలకు తండ్రిని తేల్చుకునే హక్కు ఇందులో ఉంది. కొత్త లెక్కింపు మీ ఊరికి వచ్చినప్పుడు పేరు చెప్పుకోవడానికి చాలామంది భయపడతారు, కూతురి పెళ్లి చెడిపోతుందని. ఆ భయాన్ని కొట్టిపారేయకండి. ఎవరి ముందు చెప్పాలి, ఆ కాగితం ఎవరు చూస్తారు అన్నది ముందు మీరు అధికారుల దగ్గర తేల్చుకుని, అప్పుడు ఆమె ఇంటికి వెళ్లండి.

ఇక మన సంగతి.

భారతదేశంలో సోషల్ వర్క్ చదువు 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా స్కూలుతో మొదలైంది. దాదాపు తొంభై ఏళ్లయినా లాయర్లకు బార్ కౌన్సిల్ ఉన్నట్టు, నర్సులకు కౌన్సిల్ ఉన్నట్టు, మనకు దేశవ్యాప్త కౌన్సిల్ లేదు. ఎవరైనా ‘సోషల్ వర్కర్’ అని బోర్డు పెట్టుకోవచ్చు. ఎన్నికల ముందు దుప్పట్లు పంచినాయన కూడా సమాజ సేవకుడే, రెండేళ్లు ఫీల్డు వర్కు చేసి పరీక్షలు రాసిన మీరూ సమాజ సేవకులే. దానివల్ల పడే దెబ్బ జీతంలో కనబడుతుంది. మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో జిల్లా బాలల రక్షణ యూనిట్ సోషల్ వర్కర్‌కు నెలకు చూపిన మొత్తం 18,536 రూపాయలు. ఔట్‌రీచ్ వర్కర్‌కు 10,592. అదీ కాంట్రాక్టు మీద. “సేవ చేసేవాళ్లకు జీతం గురించి ఆలోచన ఎందుకు?” అని పెద్దమనుషులు అడుగుతారు. అడగనివ్వండి. ఇంటి అద్దె కట్టుకోలేని మనిషి రాత్రి పదకొండు గంటలకు పోలీస్ స్టేషన్‌లో ఓ పిల్ల పక్కన ఎన్నాళ్లు కూర్చోగలదు? మంచి వర్కర్లు మూడో ఏటికే ఈ పని వదిలి వెళ్లిపోవడానికి ఇదే కారణం, వాళ్ల మనసు మారడం కాదు.

చట్టం నుంచి కూడా పెద్ద అండ లేదు. 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో సుప్రీంకోర్టు ‘పరిశ్రమ’ అనే మాటకు విశాలమైన అర్థం ఇచ్చింది, ఎన్నో సేవా సంస్థల ఉద్యోగులకు ఆ తీర్పు గొడుగైంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్, ప్రధానంగా దాతృత్వ, సామాజిక సేవ చేసే సంస్థలు నడిపేవాటిని పరిశ్రమ నిర్వచనం నుంచి తీసేసింది. అంటే ఉద్యోగం తీసేస్తే లేబర్ కోర్టు దారి మనకు ఇరుకైంది. అందుకే రాతలో ఏముందో అదే మీ బలం. చేరే రోజున నియామక పత్రం అడగండి. అందులో హోదా, జీతం, కాలవ్యవధి, ప్రయాణ ఖర్చు, సెలవు, నోటీసు కాలం ఉండాలి. పీఎఫ్ కోస్తున్నామంటే యూఏఎన్ నంబరు తీసుకుని పాస్‌బుక్‌లో మీరే చూసుకోండి. నెలకు 21,000 లోపు జీతమైతే ఈఎస్ఐ ఉందా అని అడగండి. ఫీల్డులో బైకు నుంచి పడితే ఆసుపత్రి ఖర్చు ఎవరిదో చేరకముందే తేలాలి.

ఇంటర్వ్యూలో అభ్యర్థులు అడగని ప్రశ్న ఒకటి ఉంది: నా జీతం ఏ పద్దు నుంచి వస్తుంది? విదేశీ విరాళాల చట్టాన్ని (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో సవరించి పరిపాలన ఖర్చును 50 శాతం నుంచి 20 శాతానికి దించారు, ఒక సంస్థ తీసుకున్న విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వడం ఆపేశారు. పెద్ద సంస్థల ద్వారా డబ్బు అందుకునే తాలూకా స్థాయి చిన్న సంస్థలు దీంతో ఎండిపోయాయి. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అంతటి సంస్థకే ఎఫ్‌సీఆర్‌ఏ రెన్యూవల్ ఆగి, 2025లో ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. కణేకల్లులో వాళ్ల ఆసుపత్రి ఉంది. ఆ ఆసుపత్రి తలుపు మూస్తే బళ్లారి వైపు కూడా ఆ బరువు పడేది. కంపెనీల సీఎస్ఆర్ డబ్బు అయితే ప్రాజెక్టు తరచూ ఏడాదికి ఏడాది నడుస్తుంది. బళ్లారిలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి కూడా ఉంది. గనులు తిన్న ఊళ్ల ఆరోగ్యానికి, చదువుకు, ఆడవాళ్ల, పిల్లల సంక్షేమానికి ఖర్చు చేయాల్సిన డబ్బు అది. గ్రామసభలో ఆ డబ్బుకు ప్రతిపాదన రాయించడం నేర్చుకున్న వర్కర్ ఊరికీ పనికొస్తుంది, తన ఉద్యోగానికీ కొంత నిలకడ తెచ్చుకుంటుంది. ఏ డబ్బైనా సరే, గ్రాంటు ఎప్పుడు ముగుస్తుందో మీకు తెలిసి ఉండాలి. మూడు నెలల ముందు నుంచే వేరే దారి వెతుక్కోవాలి, మొహమాటపడి ఆగకూడదు.

ఆడపిల్లలకు ఒక మాట. 1992లో రాజస్థాన్‌లో భన్వరీ దేవి అనే సాథిన్ (ఊరి మహిళా కార్యకర్త) బాల్య వివాహాన్ని ఆపబోయినందుకు ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె కేసు నుంచే 1997 విశాఖ తీర్పు, దాన్నుంచి 2013 చట్టం వచ్చాయి. పనిచోట లైంగిక వేధింపుల నుంచి దేశంలో ప్రతి ఉద్యోగినికీ రక్షణ దొరికింది మన వృత్తిలోని ఒక ఫీల్డు వర్కర్ పడిన బాధ వల్ల. ఆ చట్టం ప్రకారం పని మీద వెళ్లిన ఊరు, సంస్థ ఏర్పాటు చేసిన జీపు కూడా పనిచోటే. పది మంది కంటే తక్కువ ఉన్న సంస్థ అయినా, ఆరోపణ యజమాని మీదే అయినా, జిల్లా స్థాయి లోకల్ కమిటీకి రాయవచ్చు. గడువు మూడు నెలలు, కారణం చూపితే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. పెళ్లి ఆపడానికి ఒంటరిగా వెళ్లకండి, రాత్రి వెళ్లకండి. ఏ ఊరికి, ఎవరింటికి, ఎన్నింటికి వస్తారన్నది ఆఫీసు రిజిస్టరులో రాసి వెళ్లండి. మీ బాస్‌కి అది చాదస్తంగా కనబడినా సరే.

విన్న కథలు మనిషిని నిద్రలో కూడా వదలవు. దాన్ని బలహీనత అనుకుని దాచుకునేవాళ్లే తొందరగా విరిగిపోతారు. వారానికి ఒకసారి సీనియర్‌తో కేసులు చర్చించుకునే గంట అడగండి. సంస్థ ఇవ్వకపోతే తాలూకాలోని నలుగురు వర్కర్లు కలిసి మీరే పెట్టుకోండి, పిల్లల పేర్లు చెప్పకుండా. టెలి-మానస్ 14416 తెలుగులోనూ కన్నడలోనూ పలుకుతుంది. కేసులకు ఆ నంబరు ఇచ్చే మనం మన కోసం చేయడానికి సిగ్గుపడతాం. అక్కర్లేదు.

వృత్తిలో పైకి వెళ్లాలనుకునేవారికి ఆసుపత్రి దారి ఇప్పుడు కొంచెం తెరుచుకుంది. 2021 అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం మెడికల్, సైకియాట్రిక్, క్లినికల్ సోషల్ వర్కర్లను గుర్తించిన వృత్తుల్లో చేర్చింది. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలంటే 2017 మానసిక ఆరోగ్య చట్టం పీజీ మీద రెండేళ్ల ఎంఫిల్ అడుగుతుంది, బెంగళూరు నిమ్హాన్స్ అందుకు పేరున్న చోటు. కాబట్టి ఫీల్డు వర్కు గంటల పత్రాలు, సూపర్‌వైజర్ సంతకాలు, ప్రతి ప్రాజెక్టు అనుభవ పత్రం భద్రపరచుకోండి. ప్రభుత్వ ఉద్యోగమే కావాలనుకుంటే ఇంకో కాగితం ఉంది. రాజ్యాంగం 371-జె కింద కల్యాణ కర్ణాటక జిల్లాలకు ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానిక రిజర్వేషన్ ఉంది. పాత హైదరాబాదు రాష్ట్రంలో లేకపోయినా బళ్లారి అందులో ఉంది. అది నివాసాన్ని చూస్తుంది, ఇంట్లో మాట్లాడే భాషను చూడదు. తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు తమకు రాదనుకుని ఆ అర్హతా పత్రం కోసం దరఖాస్తే చేయరు. చేయండి. ఆంధ్రవైపు నుంచి వచ్చి ఇక్కడ చదివే పిల్లలు మాత్రం అక్కడి 371-డి స్థానికత చాలావరకు చదివిన చోటును బట్టి లెక్కిస్తారని ముందే గుర్తుపెట్టుకుని, ఏ వైపు ఉద్యోగం కావాలో ఆలోచించుకోవాలి. కన్నడ రాయడం పక్కాగా నేర్చుకోవడం రెండు విధాలా తప్పదు. కోర్టుకు వెళ్లే నివేదికలో తప్పులుంటే నష్టపోయేది కేసు.

కాంట్రాక్టు ముగిసే నెలలో ఒక పని తప్పకుండా చేయండి. ఇంకా తేలని కేసుల జాబితా రాయండి. ప్రతి కేసుకు తర్వాతి కోర్టు తేదీ లేదా కమిటీ తేదీ, అవతలి రాష్ట్రంలో ఎవరితో మాట్లాడుతున్నారు, ఏ కాగితం ఇంకా రావాలి అన్నది అందులో ఉండాలి. పిల్లల పేర్లున్న ఫైళ్లు, ఫోటోలు మీ ఫోన్‌లో ఉంచుకోకుండా ఆఫీసుకు అప్పగించండి. మీ తర్వాత వచ్చే మనిషిని, వీలైతే, ముఖ్యమైన రెండు మూడు ఇళ్లకు మీరే తీసుకెళ్లి పరిచయం చేయండి. అప్పగింత పత్రం మీద తేదీ, ముద్ర వేయించి, దాని నకలొకటి మీ నియామక పత్రం, జీతం చీటీలు ఉన్న ఫైల్లో పెట్టుకోండి.